జలుబు మాత్ర అనుకొన్న మాత్ర కథ

మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం, తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చినవే. తప్పులుంటే మన్నించండి.

పోయిన ఆదివారం కూటం ముగిసి కాఫీ తాగుతూ ఉంటే ఒక చెల్లెమ్మ సంచిలోనుంచి ఒక మాత్రల అట్ట తీసి చూపించింది. "అన్నయ్యా, మనవడికి జలుబు చేసినప్పుడల్లా మందుల షాపులో అడిగి ఇదే తెచ్చి ఇస్తున్నాము. ఈ మధ్య రాత్రిళ్ళు లేచి అరుస్తున్నాడు. దీనివల్లేమో అని ఎవరో అన్నారు, నిజమేనా?" అట్ట మీద మాంటెలుకాస్ట్, లీవోసెట్రిజిన్ అని రెండు పేర్లు. మేము డాక్టరు కాము, రైల్వేలో పార్సెల్ లెక్కలు రాసినవాళ్ళం. వెంటనే పిల్లల డాక్టరుకు అట్ట చూపించమ్మా అని మాత్రం చెప్పాము. కానీ అదే మాత్రతోనే మా ఇంటావిడ ఉబ్బసం తగ్గి రాత్రి పడుకొంటోంది. ఒకే మాత్ర ఇద్దరికి ఇంత వేరుగా ఎలా అని వారం రోజులు చదివాము.

మొదలు నాగుపాము విషంలో ఉంది. 1938, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్. హిట్లర్ వచ్చిన 1933లో యూదుడని బెర్లిన్‌లో ఉద్యోగం పోగొట్టుకొన్న ఫెల్డ్‌బర్గ్, అక్కడి కెల్లవే అనే డాక్టరుతో కలిసి గినీపందుల ఊపిరితిత్తులలోకి నాగుపాము విషం ఎక్కించి, బయటికి వచ్చిన ద్రవాన్ని పరీక్షించారు. దాన్ని పేగు ముక్కకు తగిలిస్తే ముడుచుకొంది. హిస్టమిన్ తగిలితే టక్కున ముడుచుకొని వదిలేస్తుంది. ఇది మాత్రం మెల్లగా మొదలై చాలాసేపు పట్టుకొంది. ఎక్స్‌ప్రెస్సు కాదు, పాసింజరు బండి. మెల్లగా పనిచేసే పదార్థం అనే పేరే పెట్టారు. అలర్జీలోనూ ఇది పుడుతుందని 1940లో కెల్లవే, ట్రెథెవీ చూపించారు. హిస్టమిన్ మందులకు ఇది లొంగదని 1960లో బ్రాకిల్‌హర్‌స్ట్ రాశాడు. తుమ్ములు ఆపే మాత్ర ఆయాసాన్ని ఎందుకు ఆపలేదో అక్కడే తెలిసింది.

కానీ అది ఏ పదార్థం? దొరికేది అణుమాత్రం, ఇట్టే చెడిపోతుంది. నలభై ఏళ్ళు ఊరూ పేరూ లేని పార్సెల్‌లా ఉండిపోయింది. 1979లో స్వీడన్ కరోలిన్స్కా సంస్థలో శామ్యూల్సన్ బృందం విప్పి చూస్తే, లోపల ఉన్నది కొవ్వు! మన కణాల పొరలో ఉండే అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వునుంచి పుట్టిన సందేశం. దానికి లూకోట్రైన్ అని పేరు పెట్టారు.

మనవాళ్ళకు జోలార్‌పేట చెబితే చాలు. చెన్నైనుంచి వచ్చిన బండి అక్కడ బెంగళూరు వైపో, సేలం వైపో తిరుగుతుంది కదా. ఈ కొవ్వుకూ రెండు దారులు. ఒకటి ప్రోస్టాగ్లాండిన్ల వైపు: నొప్పి, జ్వరం. రెండోది లూకోట్రైన్ల వైపు: శ్వాసనాళం బిగుసుకోవడం, కఫం. ఆస్పిరిన్ మొదటి లైనును మూసేస్తుంది. అప్పుడు కొందరిలో రెండో లైనులో రద్దీ పెరిగి ఆయాసం వస్తుంది. ఆస్పిరిన్ పడని ఉబ్బసం రోగులు ఉండేది ఇందుకే. ఈ దారులు కనుగొన్నందుకు 1982లో బెర్గ్‌స్ట్రోమ్, శామ్యూల్సన్, వేన్ ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

ఒక మాట పక్కకు వెళ్ళి చెప్పాలి. భీమవరంలో పుట్టి మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1947లో అమెరికాలో బోదకాలుకు, ఇక్కడ ఆనైక్కాల్ అంటామే దానికి, డైఇథైల్ కార్బమజీన్ మందు తెచ్చింది. ఆ మందు కూడా ఈ కొవ్వు దారిలో జోక్యం చేసుకొంటుందని తరువాతి పరిశోధనలో తేలింది. లూకోట్రైన్ అనే పేరు పుట్టకముందే ఆయన 1948లో పోయారు.

సందేశం వచ్చి తగిలే చోటును రిసెప్టర్ అంటారు, తాళం లాంటిది. తాళంలో ముందే ఒక పుల్ల ఇరికిస్తే తాళంచెవి తిరగదు. అలాంటి మందు మొదట జపాన్‌లో ప్రాన్‌లుకాస్ట్, 1995. మరుసటి ఏడు అమెరికాలో జాఫిర్‌లుకాస్ట్. 1998 ఫిబ్రవరిలో మాంటెలుకాస్ట్. కెనడా మాంట్రియాల్‌లో మెర్క్ వాళ్ళ ప్రయోగశాలలో చేశారు, ఆ ఊరి పేరే మందులో ఉంది. మాకు బాగా ఆశ్చర్యం వేసింది ఏమిటంటే, ఆ రిసెప్టర్ జన్యువు దొరికింది 1999లో. తాళం రూపం తెలియకుండానే పుల్ల చేసి జనానికి ఇచ్చేశారు.

2012లో అమెరికాలో పేటెంటు గడువు తీరిన రోజుల్లో చవక మాత్ర అమ్మడానికి అనుమతి వచ్చినవాళ్ళలో హైదరాబాదు అరబిందో ఫార్మా ఒకటి. ఇక్కడ దాన్ని హిస్టమిన్ మందుతో కలిపి ఒకే మాత్ర చేశారు. రెండు సందేశాలనూ ఒకేసారి ఆపవచ్చని లెక్క. లెక్క తప్పు కాదు. కానీ ఉబ్బసానికి పుట్టిన మందు, ముక్కు కారితే చాలు, చీటీ లేకుండా ఇంటింటికీ చేరింది.

పీడకలలు, చిరాకు, దిగులు, కొందరిలో ఆత్మహత్య ఆలోచనలు. ఈ ఫిర్యాదులను అమెరికా మందుల శాఖ 2008లో పరిశీలించడం మొదలుపెట్టింది, 2009లో కాగితంలో జాగ్రత్త రాయించింది. 2020 మార్చి 4న పెట్టె కట్టిన హెచ్చరిక, అన్నిటికంటే గట్టిది, వేయించింది. ముక్కు అలర్జీకి వేరే మందులు పనిచేయకపోతేనో పడకపోతేనో ఇవ్వమంది. మందు వచ్చి అప్పటికి 22 ఏళ్ళు. చాలామందికి ఏమీ కాదు, మా ఇంట్లో కాలేదు. అయినా ఆ కాగితం మేమూ ఇంతవరకు చదవలేదు. అక్షరాలు చీమల్లా ఉంటాయి, పైగా అంతా ఇంగ్లీషు.

చెల్లెమ్మ బుధవారం డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన మాత్ర ఆపి, ముక్కులో కొట్టే స్ప్రే రాశారట. నిన్న ఫోను చేసింది. పిల్లవాడు మూడు రాత్రులు లేవకుండా పడుకొన్నాడంది. మాత్రవల్లేనా అని మూడు రాత్రులతో చెప్పలేము, నెల తరువాత రమ్మన్నారట డాక్టరు.