మన సంఘములలో వివాహ ధర్మము: నాడు, నేడు

1842లో హయ్యర్ దొరగారు గుంటూరు చేరిరి. 1866లో క్లౌ దొరగారు ఒంగోలులో కాపురముండి పని ప్రారంభించిరి. గొప్ప కరవు తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇవి మనమందరము ఎరిగిన సంగతులే. అయితే ఆ విశ్వాసులు గూడెములకు తిరిగి వెళ్లినప్పుడు వారి కాపురములలో లేచిన ప్రశ్నలను మనము అంతగా తలంపము.

భర్త నమ్మి భార్య నమ్మనియెడల ఏమి చేయవలెను? కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయములో పౌలు జవాబిచ్చెను. ఆమె కాపురముండుటకు ఇష్టపడినయెడల విడువరాదు; ఆమెయే వెళ్లిపోయినయెడల విశ్వాసికి నిర్బంధము లేదు. 1866లో ప్రభుత్వము చేసిన చట్టము ఇంచుమించు ఇదే బాట పట్టినది. మతము మారినందుకు ఆరు నెలలు విడిచియున్న భాగస్వామిని కోర్టుకు పిలిపించి, మనస్సు మార్చుకొనుటకు ఒక సంవత్సరము గడువిచ్చెడివారు.

1872 క్రైస్తవ వివాహ చట్టము దేశీయ క్రైస్తవులలో వరునికి 16, వధువుకు 13 ఏండ్లు దాటవలెననెను. ఎవరికిని బ్రదికియున్న మరియొక భార్యగాని భర్తగాని ఉండరాదు. ఇద్దరు సాక్షుల యెదుట ప్రమాణము చేయవలెను. బాల్యవివాహములు వాడుకగానున్న దినములలో ఇది చిన్న మార్పు కాదు. 1978 సవరణతో ఆ వయస్సు 21, 18 ఏండ్లకు పెరిగినది.

కాని 1869 విడాకుల చట్టములో ఒక అన్యాయముండెను. భార్య వ్యభిచరించిన, భర్తకు ఆ ఒక్క కారణము చాలును. భర్త వ్యభిచరించిన, భార్యకు అది చాలదు. క్రూరత్వమో, రెండేండ్లు విడిచిపెట్టుటయో కూడ రుజువు చేయవలెను. 2001లో గాని ఇది సరికాలేదు. అనగా 132 ఏండ్లు! భార్య దేహముపై భర్తకున్న అధికారమే భర్త దేహముపై భార్యకును కలదని పౌలు అదే అధ్యాయములో ఏనాడో బోధించియుండెను.

చట్టమును నిందించి ఊరకుందుమా? భర్త తప్పిపోయిన "మగవాడు గదా" అని సర్దుకొని, భార్య తప్పిపోయిన వెలివేయు ఇండ్లు మనలో లేవా? కట్నము 1961లోనే నిషేధింపబడినది. అయినను మిరప అమ్మిన సొమ్ము, ప్రత్తి చేను మీద తెచ్చిన అప్పు పెండ్లికి ముందే చేతులు మారుచున్నవి. ఆ లెక్క ఏ చర్చి రిజిస్టరులోను కనబడదు.

ప్రియ సంఘస్థులారా, వధూవరులు చేయు ప్రమాణము ఇద్దరికిని ఒక్కటే. దానిని ఇద్దరియెడలను ఒకే కొలతతో కొలుచుటయే ఈ శతాబ్ది పండుగకు మనమర్పింపదగిన కానుక.