ఎర్ర మూత, నారింజ మూత

మన ప్రత్యేక సంచికకు ఆరోగ్య విషయమై ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. నేను వైద్యుణ్ణి కాను, ముప్పయ్యేళ్ళకు పైగా ఫైళ్ళు చూసిన గుమస్తాను. అందుచేత మందును గురించి గాక, మందు ఎక్కించే పనిముట్టును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

కెనడాలోని టొరంటోలో 1921లో బాంటింగ్, బెస్ట్ ప్రభృతులు ఇన్సులిన్‌ను వెలికితీశారు. 1922 జనవరిలో లియోనార్డ్ థాంప్సన్ అనే బాలునికి మొదటిసారి ఇచ్చారు. దానితోపాటే ఒక కొత్త చిక్కు వచ్చింది. ఈ మందు రోజూ కావాలి, జీవితాంతం కావాలి. డాక్టరు రోజూ ఇంటికి రాలేడు గదా! రోగే తన చేతులతో, చూపు మందగించినా సరే, కొలిచి పొడుచుకోవాలి.

అమెరికాలో బెక్టన్ డికిన్సన్ కంపెనీ 1924లో ఇన్సులిన్ కోసమే ఒక సిరంజి తయారుచేసింది. ఆ రోజుల్లో గాజు సిరంజిని మరిగించుకోవాలి, సూది మొద్దుబారితే రాతిమీద నూరుకోవాలి. అది ఓపికతో తీరే కష్టం. అసలు ప్రమాదం గీతల్లో ఉంది. మందు మిల్లీలీటరుకు 40 యూనిట్లది ఒకటి, 80 యూనిట్లది ఒకటి వచ్చేవి. కొన్ని సిరంజిల మీద రెండింటికీ చెరొకవైపు గీతలు వేశారు. ఒకే రిజిస్టరు పేజీలో రెండు ఖాతాలు పక్కపక్కన రాస్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. రెండో వైపు చూశామా, మోతాదు సగమో రెట్టింపో! ఇటువంటప్పుడు రోగి అజాగ్రత్త అనడం లోకరీతి. నా మట్టుకు ఆ గీతలు గీసినవారిదే తప్పంటాను.

1970 దశకంలో అమెరికా 100 యూనిట్ల మందుకు మారసాగింది. మన దేశంలో మాత్రం సీసాల్లో 40 యూనిట్లది నేటికీ వాడుకలో ఉంది. అందుకు ఎర్ర మూత సిరంజి, 100 దానికి నారింజ మూత సిరంజి. వయసు మీరిన కళ్ళకు, సాయంత్రం పూట, ఈ రెండు రంగులకు ఎంత తేడా?

మా బావగారి మోతాదు 20 యూనిట్లు. ఒక నెల మందుల షాపువారు నారింజ మూతవి ఇచ్చారు. 40 సీసాలోంచి దానితో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. షుగరు ఎంతకూ దిగలేదు. చాటుగా స్వీట్లు తింటున్నారని మా అక్కయ్యతో సహా అందరూ ఆయన్ను అనుమానించారు. చివరకు మూత రంగు పోల్చింది కోడలు. ఇది తిరగబడి, 100 మందును ఎర్ర మూత సిరంజితో తీస్తే 20 బదులు 50 యూనిట్లు పోతాయి. అది ప్రాణం మీదికి తెస్తుంది.

డెన్మార్కులోని నోవో కంపెనీ 1985లో ఇంకుపెన్ను ఆకారంలో ఇన్సులిన్ పెన్ను తెచ్చింది. 1988 నాటి రెండో పెన్నులో మోతాదు అంకె తిప్పి పెట్టుకుంటే చాలు. గీతలు చూసి లాగే పని పోయింది. ఖర్చు ఎక్కువ గనుక మనలో చాలామంది సీసాతోనే నెట్టుకొస్తున్నాం. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని షాపు దగ్గరే చూసుకోండి. పెన్ను గొట్టంలోని మందు సాధారణంగా 100 యూనిట్లది, దాన్ని సిరంజితో లాగకండి.

బావగారింట్లో సిరంజిల డబ్బా మీద ఇప్పుడు బెత్తెడు ఎత్తున 40 అని అంటించి ఉంది, కోడలి దస్తూరీతో.