సంసిద్ధతకు దక్కని గంట

ఐదు తరగతులను ఒక్కరే నడిపే బడిలో, పాఠానికి సిద్ధమయ్యే వ్యవధి బడివేళల్లో దొరకదు. ఏకోపాధ్యాయ పాఠశాలలకు రెండవ ఉపాధ్యాయుడు కావాలని 1986 జాతీయ విద్యావిధానం సంకల్పించగా, మరుసటి ఏడు 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డు' ఆరంభమైంది. 2009 విద్యాహక్కు చట్టం ఇంకొక అడుగు వేసింది. ఉపాధ్యాయుని వారపు పని, సంసిద్ధతతో కలిపి, 45 గంటలని దాని అనుబంధ పట్టిక నిర్దేశించింది. ఐదవ తరగతి వరకు ఏటా 200 పనిదినాలు, 800 బోధన గంటలు. అంటే ఆరు దినాల వారానికి 24 గంటలే. మిగులు ఉదారమైనదే. అయితే అందులో సంసిద్ధతకు ఎన్ని గంటలో, అవి ఏ వేళలోనో పట్టిక విడిగా చెప్పలేదు. కనుకనే సహోపాధ్యాయుడు సెలవు పెట్టిననాడు మొదట పోయేది లీజర్ పీరియడే. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు మినహా విద్యేతర విధులను 27వ సెక్షను నిషేధించింది. మధ్యాహ్న భోజనపు లెక్కల రాతను మాత్రం పేరుపెట్టి ప్రస్తావించలేదు.