ఎర్ర అక్షరాల అడుగున

సెల్ రన్ చేశారు. తెర నిండా ఎర్ర అక్షరాలు. పైనుంచి చదవకండి, తిన్నగా ఆఖరి వరుసకు దిగండి. నమ్‌పై గోడు ఎప్పుడూ అట్టడుగునే ఉంటుంది: మ్యాట్‌మల్ కుదరలేదు, ఆపరాండ్ 1, డైమెన్షన్ 0, ఉన్నది 10, కావలసింది 784. లెక్క సున్నా నుంచి కాబట్టి ఆపరాండ్ 1 అంటే రెండోది. తప్పు పట్టింది దాని అడ్డువరుసల సంఖ్యను.

ఇప్పుడు రెండింటి షేప్‌లూ ప్రింట్ చేయండి. ఎక్స్: (60000, 784). ఎమ్‌నిస్ట్‌లోని 60,000 చేతిరాత అంకెల బొమ్మలు. 28 × 28 పిక్సెళ్ల బొమ్మను ఒకే వరుసగా పరిస్తే 784. డబ్ల్యూ: (10, 784). ఒక్కో అంకెకు ఒక్కో వరుస వెయిట్లు. మీరు రాసింది ఎక్స్ @ డబ్ల్యూ. పక్కపక్కన పడ్డవి 784, 10. లోపలి రెండూ సమానమైతేనే గుణకారం.

మీ వేళ్లు రీషేప్(784, 10) కొట్టబోతున్నాయి. ఆగండి! అది పనిచేస్తుంది, అదే దాని ప్రమాదం. మొత్తం 7,840 సంఖ్యలు సరిపోయాయి కదా అని నమ్‌పై ఊరుకుంటుంది. కానీ సున్నా అంకె వెయిట్లు పది నిలువువరుసల్లోకీ చెదిరిపోతాయి. కావలసింది డబ్ల్యూ.టి, అంటే ట్రాన్స్‌పోజ్. జవాబు (60000, 10). ఎరుపు పోయింది.

ఇక ఒక్క బొమ్మతో చూద్దాం. ఎక్స్[0] షేప్ (784,). కామా తర్వాత ఏమీ లేదు. అది అడ్డువరుసా కాదు, నిలువువరుసా కాదు. దానికి ఎన్నిసార్లు .టి తగిలించినా (784,)గానే ఉంటుంది. ఈసారి డబ్ల్యూ ఎడమన: డబ్ల్యూ @ ఎక్స్[0]. పది స్కోర్లు, (10,). బయాస్ కలపండి. ఎర్రరేమీ లేదు. అయినా షేప్ చూడండి: (10, 10). బయాస్ (10, 1)గా ఉంది. నమ్‌పై బ్రాడ్‌కాస్టింగ్ పేరిట రెండింటినీ సాగదీసి, పది స్కోర్ల చోట నూరు చేతిలో పెట్టింది. నన్నడిగితే, ఇందాకటి ఎర్ర అక్షరాలే నయం.

బయాస్‌ను రావెల్ చేసి (10,)గా మార్చండి. కింద ఒక అసర్ట్ వరుస రాయండి: స్కోర్ల షేప్ == (10,). అది అక్కడే ఉండనివ్వండి, పని అయిపోయిందని చెరిపేయకండి.