పాట ఎవరిది?

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం రైల్వేలో రిటైరయినాక నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకొని చదువుకోండి.

పోయిన ఆదివారం మా అబ్బాయి బెంగళూరు నుంచి మంచేనహళ్ళికి వచ్చినప్పుడు ఫోన్లో ఒక పాటల సంకలనం వినిపించినాడు. జమైకా దేశం పాటలు, 1960, 70ల నాటివి. రెగే అంటారు. "నాయనా, వీటిలో చానా పాటలు అమెరికా వాళ్ళవి. వీళ్ళు తమ తాళంలో మళ్ళీ పాడినారు" అన్నాడు. అయితే కాపీయే కదా అన్నాను. రెండు గంటలు విన్నాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

జమైకాకు స్వాతంత్ర్యం వచ్చింది 1962 ఆగస్టు 6న. అంతకు ముందు నుంచే అక్కడి జనం రాత్రిపూట మయామీ, న్యూ ఆర్లీన్స్ రేడియోలు పట్టుకొని అమెరికా నల్లవారి పాటలు వినేవారు. వీధుల్లో పెద్ద స్పీకర్లు పెట్టి రికార్డులు వేసి ఆడేవారు. తర్వాత తమ రికార్డులు తామే చేసుకున్నారు. కింగ్‌స్టన్‌లో స్టూడియో వన్ 1963లో మొదలైంది. మొదట స్కా, 1966 ప్రాంతంలో రాక్‌స్టెడీ, 1968కి రెగే. రెగేలో గిటారు దెబ్బ మనం చేత్తో తాళం వేసే చోట పడదు, రెండు దెబ్బల మధ్యలో పడుతుంది. అందుకే తెలిసిన పాట కూడా కొత్తగా వినిపిస్తుంది.

ఒక పాట చెప్తాను. డేవిడ్ గేట్స్ అనే అమెరికా ఆయన, చనిపోయిన తన తండ్రిని తలుచుకొని 'ఎవ్రీథింగ్ ఐ ఓన్' రాసినాడు. 1972లో వచ్చింది. జమైకా గాయకుడు కెన్ బూత్ దాన్ని రెగేలో పాడితే 1974లో ఇంగ్లండులో మొదటి స్థానానికి పోయింది. వినేవాళ్ళు ప్రేమపాట అనుకుంటారు. తండ్రి పాట అని తెలిసినాక నేను ఇంకోసారి పెట్టించుకొని విన్నాను.

ఎందుకంటే నాకు మా నాయన గుర్తొచ్చినాడు. నేను బడికి పోయే రోజుల్లో రేడియోలో 'మిస్సియమ్మ' బృందావనం పాట వస్తే, "ఇది మా తమిళ పాట" అన్నాను. నాయన నవ్వి, "ఒరేయ్, ఇది మన 'మిస్సమ్మ' పాట కూడా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆయన వాదించలేదు. నిజానికి ఎల్.వి. ప్రసాద్ ఆ సినిమాను 1955లో రెండు భాషల్లోనూ తీసినారు. వరుస సాలూరు రాజేశ్వరరావుగారిది. రెండింటిలోనూ పాడింది ఎ.ఎం. రాజా, పి. సుశీల. తెలుగు మాటలు పింగళివారివి, తమిళం తంజై రామయ్యదాసువి. 1957లో హిందీ 'మిస్ మేరీ'లో అదే వరుసను రఫీ, లతా పాడినారు. మూడు భాషలవాళ్ళూ తమదే అనుకుంటారు. ఎవరిదీ తప్పు కాదు.

కానీ పేరు పోకూడదు. బాబ్ మార్లీ బృందం 1965లో 'వన్ లవ్' పాడినప్పుడు, అందులో కర్టిస్ మేఫీల్డ్ పాట కలిసి ఉన్నా ఆయన పేరు వేయలేదు. 1977లో మళ్ళీ పాడినప్పుడు వేసినారు.

మన పెద్దలు ఈ చిక్కు ముందే తెలిసినట్టు పాట చివర తమ అంకితం పెట్టుకున్నారు. కైవారం తాతయ్యగారి తెలుగు కీర్తనలు మన కన్నడ సీమలో ఏ ఊరి భజనలో పాడినా, 'అమర నారేయణ' అని వచ్చేసరికి ఎవరివో తెలిసిపోతుంది. సినిమా పాటకు ఆ వసతి లేదు. మనమే చెప్పాల.

అందుకే నా మనవి. ఈసారి మన సంఘం కార్యక్రమంలో పిల్లలు ఏ పాట పాడినా, రాసినవారి పేరు, వరుస కట్టినవారి పేరు మైకులో చెప్పించండి. అర నిమిషం పని. నేను మా నాయనతో "అవును, మన పాట కూడా" అనేలోపే ఆయన పోయినాడు. ఆ మాట ఇక్కడ రాసుకుంటున్నాను.