పని చేస్తున్న జెస్సికా

జెస్సికా లాల్ పేరు మనకొక న్యాయపోరాటంగా గుర్తుంది. మాట మార్చిన సాక్షులు, 2006 ఫిబ్రవరిలో నిందితుల విడుదల, కొవ్వొత్తుల ప్రదర్శనలు, అదే డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు మనుశర్మకు వేసిన యావజ్జీవ శిక్ష, 2010లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేయడం. సినిమా కూడా వచ్చింది. ఇంత చరిత్రలోనూ మరుగున పడింది ఒక్కటే. చనిపోయేటప్పటికి ఆమె పనిలో ఉంది.

1999 ఏప్రిల్ 29 రాత్రి మెహ్రౌలీలోని టామరిండ్ కోర్ట్ రెస్టారెంట్‌లో పార్టీ. మోడల్ అయిన జెస్సికా ఆ రాత్రి బార్ దగ్గర మద్యం అందించే పనికి కుదిరింది. రెండు గంటలవుతుండగా వచ్చి మందు అడిగినవాడికి లేదని చెప్పింది. మొదటి తూటా పైకప్పుకు, రెండోది ఆమెకు. వేళలు పెట్టేది యజమాని, నియమాలు పెట్టేది ప్రభుత్వం. 'లేదు' అని ఎదురుగా నిలబడి చెప్పాల్సింది మాత్రం వడ్డించే మనిషి. (సర్వర్ అనగానే మనకింకా మగవాడే కళ్లముందు మెదులుతాడు!) ఆమెతోపాటు బార్ దగ్గర పనిచేసిన యువకుడే తర్వాత కోర్టులో మాట మార్చాడు.

అప్పట్లో ఢిల్లీలో అమలైన 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టాన్ని, సాహిత్య విద్యార్థినిగా, ఒక పాఠ్యంలాగే చదివాను. జనం మద్యం తాగే లైసెన్సు స్థలాల్లో స్త్రీలనూ, 25 ఏళ్లలోపు మగవాళ్లనూ పనిలో పెట్టుకోకూడదంటుంది 30వ సెక్షన్. మగవాడికి పాతికేళ్లొస్తే నిషేధం తొలగిపోతుంది. స్త్రీకి ఏ వయసులోనూ తొలగదు. తాగినవాడిని అదుపులో పెట్టడం చేతకాక ఆమెను గదిలోంచి పంపేయడమే ఈ రక్షణ. జెస్సికా చనిపోయిన చోటుకు మద్యం లైసెన్సే లేదు.

ఆ సెక్షన్‌ను 2006 జనవరిలో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. 2007 డిసెంబరు 6న అనూజ్ గర్గ్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. స్త్రీల ఉపాధిని ఆపడం కాదు, వారికి భద్రత కల్పించడం రాజ్యం పని అంది. మంచి తీర్పు. కానీ ఆ భద్రత ఎవరు, ఎలా ఇస్తారు? బయటివాళ్లు వేధించినా యజమాని బాధితురాలికి తోడ్పడాలని 1997లోనే విశాఖ మార్గదర్శకాలు చెప్పాయి. పనిచోటుకు వచ్చిపోయేవాళ్ల నుంచి కూడా రక్షణ కల్పించాలని 2013 చట్టం యజమానికి బాధ్యత పెట్టింది. రెండూ లైంగిక వేధింపుల గురించే. గ్లాసు విసిరినవాడు, చెయ్యెత్తినవాడు, తుపాకీ తీసినవాడు ఆ నిర్వచనంలో ఇమడరు. వాళ్ల సంగతి పోలీసులకే, అదీ జరగాల్సింది జరిగిపోయాక.