ఇంకొక్కటి పాడి పో సామీ!

మా పిన్ని కూతురు ఇంగ్లండులో కాపురం ఉంటోంది. నెలకో మాటు ఫోన్ చేసి అక్కడి వింతలన్నీ ఏకరువు పెడుతుంది. మొన్న ధనుర్మాసం మొదట్లో చేసినప్పుడు, "అక్కా, మా ఊళ్ళో జానపద సంగీతం క్లబ్బు ఒకటుంది. వారానికో సాయంత్రం ఒక పబ్బు మేడమీద గదిలో కూడతారు. ఏ వారం ఏ ఊరి గాయకుడు అతిథిగా వస్తాడో ఏడాది మొత్తానికీ ముందే కాగితం అచ్చేసి పంచుతారు. అతిథి పాడేముందు, వినడానికి వచ్చినవాళ్ళలోనే నలుగురైదుగురు లేచి తలా ఒక పాట పాడతారు. మన ప్రొద్దుటూరులో ఇట్లాంటిది ఎప్పుడన్నా ఉండేదా?" అని అడిగింది.

"మనకెక్కడిదే తల్లీ క్లబ్బు!" అనేశాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. వంటింట్లో పోపు వేస్తున్నా అదే, పూజ గదిలో దీపం వెలిగిస్తున్నా అదే. నిజమే, మనకు అధ్యక్షుడు లేడు, కార్యదర్శి లేడు, అచ్చు కాగితం లేదు. అంతమాత్రాన మన ఊళ్ళకు అతిథులు రాలేదా? ఏ నెలలో ఎవరొస్తారో మా అవ్వకు తెలియదా? పంచాంగం చూడకుండానే చెప్పేది!

మా అవ్వది జమ్మలమడుగు దగ్గర పల్లె. సెలవులన్నీ నాకు అక్కడే గడిచాయి. ఆమె లెక్క ప్రకారం ఏడాదిలో మొదటి అతిథి హరిదాసు. ధనుర్మాసంలో తెల్లవారకముందే తలమీద అక్షయపాత్ర, చేతిలో చిడతలు, భుజాన తంబురాతో వచ్చేవాడు. అవ్వ చాటలో జొన్నలు పోసుకుని గడపలో నిలబడేది గానీ, వెంటనే పాత్రలో పోసేది కాదు.

"ఏం సామీ, అంత తొందరేమొచ్చె? ఇంకొక్కటి పాడి పో!"

ఆయన నవ్వి మరో కీర్తన ఎత్తుకునేవాడు. అది పూర్తయ్యాకనే చాట వంగేది. "గింజలకు అంత బేరమేమిటవ్వా, పాపం!" అని ఒకసారి కోప్పడ్డాను. "బేరం కాదే పిచ్చిదానా! అడక్కుండా గింజలు పోస్తే అది బిచ్చం. అడిగి పాడించుకుని పోస్తే అది మర్యాద" అంది.

ఆ మాట అర్థం కావడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది.

సంక్రాంతికి గంగిరెద్దులవాళ్ళు. పైరు కోత అయి జొన్నలు ఇల్లు చేరాక ఒకరి వెనక ఒకరు మిగిలినవాళ్ళు. ఇంట్లో గింజ ఉన్నప్పుడే గడపలోకి పాట వస్తుందన్న సంగతి ఆ సంచారులకు ఏ అర్థశాస్త్రజ్ఞుడూ చెప్పనక్కర్లేదు. శ్రీరామనవమికి పందిట్లో హరికథ, భజనలు. పొలం పనులు లేని రోజుల్లో చెక్కభజన గురువు వచ్చి ఊళ్ళోనే మకాం పెట్టేవాడు. ఆయనకు రోజుకొక ఇంట్లో భోజనం. రాత్రిపూట కుర్రాళ్ళకు అడుగులు నేర్పేవాడు. అంతా వచ్చాక గజ్జెపూజ చేసి, గురువుకు కొత్తబట్టలు పెట్టి సాగనంపేవాళ్ళు. పీర్ల పండుగ ప్రతి ఏడూ పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి అది ఏ కాలంలోనైనా రావచ్చు. గుండం చుట్టూ అడుగు వేసేటప్పుడు ఎవరిది ఏ మతమని అడిగినవాళ్ళు లేరు. శ్రావణ శనివారాలు వస్తే పులివెందుల వైపు జనమంతా పాపఘ్ని ఒడ్డున గండి వీరాంజనేయుడి దగ్గరికి కదిలేవారు. భజన బృందాలూ వాళ్ళ వెంటే. దసరాకు మా ప్రొద్దుటూరు సంగతి చెప్పనే అక్కర్లేదు. వాసవీ కన్యకాపరమేశ్వరి ఉత్సవమంటే బంగారు అంగళ్ళ వీధులన్నీ మేళాలతో, వేషాలతో నిండిపోతాయి. మైసూరు తర్వాత మాదేనని చెప్పుకోవడం మాకు అలవాటు.

చూశారా, ఏడాది నిండిపోయింది! పిన్ని కూతురి కాగితంలో ఇంతకంటే ఎక్కువ ఏముంటుంది?

వీళ్ళందరిలోనూ నాకు ఇష్టమైన అతిథులు తోలుబొమ్మలవాళ్ళు. వానలు వెనకబట్టిన ఏడు వాళ్ళను మరీ ఆదరంగా పిలిచేవారు. విరాటపర్వం చదివించినా, ఆడించినా వాన పడుతుందని మనవాళ్ళ నమ్మకం కదా! తెల్లని తెర వెనక దీపాలు, తెరమీద రంగుల నీడలు. బంగారక్క, జుట్టుపోలిగాడు తగువులాడుకుంటూంటే ఊరంతా విరగబడి నవ్వేది. మేం ఆడపిల్లలం, ఆడవాళ్ళం ఒక పక్కగా కూర్చునేవాళ్ళం. మగవాళ్ళు ఏదైనా కావాలంటే గట్టిగా కేకేసి అడిగేవారు. ఆడవాళ్ళు అలా అరవకూడదుగా!

అందుకని అవ్వ నన్ను పంపేది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. జనం కాళ్ళ సందుల్లోంచి దూరి తెర వెనక్కు వెళ్ళి, "మా అవ్వ ద్రౌపది పాట మళ్ళీ పాడమంటాంది" అని చెప్పేదాన్ని. అక్కడ ఒక నడివయసు ఆమె, ఒళ్ళో పిల్లాణ్ణి పెట్టుకుని, ద్రౌపదికి గొంతు ఇస్తుండేది. ఆమె నా వంక చూసి తల ఊపి మళ్ళీ ఎత్తుకునేది. తెరకు ఇవతల మగవాళ్ళెవరికీ ఆ పాట రెండోసారి ఎందుకొచ్చిందో తెలిసేది కాదు. అవ్వకూ, నాకూ, ఆమెకూ మాత్రమే తెలుసు.

సరే, ఇక్కడ మీకొక నిజమైన చరిత్ర చెప్పాలి. ఇది కూడా విరాటపర్వం కథే.

ఇప్పటి చక్రాయపేట మండలంలో, పులివెందుల నియోజకవర్గంలోనే, సురభి అనే చిన్న పల్లె ఉంది. 1885లో ఆ ఊళ్ళో పెద్దింట ఒక పెళ్ళి జరిగింది. తరతరాలుగా తోలుబొమ్మలాడించే మరాఠీ మూలాల కుటుంబాల వాళ్ళు అక్కడ ఉన్నారు. "బొమ్మల్ని ఆడించడం ఎప్పుడూ ఉన్నదే, ఈసారి మీరే వేషం కట్టి ఆడండి" అని ఊరి పెద్దలు అడిగారు. వనారస గోవిందరావు ముందు నిలబడి 'కీచకవధ' ఆడించాడు. తెర వెనక ఉన్న మనుషులు తెర ముందుకొచ్చారు. ఆ పల్లె పేరే వాళ్ళ నాటక సమాజానికి పేరయింది. ఒక్క కుటుంబం శాఖోపశాఖలై ముప్పైకి పైగా బృందాలుగా తెలుగునేల నాలుగు చెరగులా తిరిగింది.

మనం గుర్తుపెట్టుకోవలసిన సంగతి మరొకటి ఉంది. ఆ రోజుల్లో నాటకాల్లో ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవారు. తర్వాత కూడా స్థానం నరసింహారావు వంటి మహానటుడు సత్యభామగా, చిత్రాంగిగా ప్రేక్షకుల్ని మంత్రముగ్ధుల్ని చేసి 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. సురభివాళ్ళు మాత్రం ఆడవేషాలు తమ ఇంటి ఆడవాళ్ళ చేతే వేయించారు. నాకేమనిపిస్తుందంటే, బొమ్మలాటలో తెర వెనక ద్రౌపదికీ సీతకూ గొంతు ఇచ్చింది ఎటూ ఆ ఆడవాళ్ళే. గొంతు అప్పటికే ఉంది, మనిషి ముందుకు రావడమే తరువాయి. 1932లో విడుదలైన మన మొదటి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఈ సమాజం బిడ్డే. ఆమె రంగస్థలం మీదనే పుట్టిందని చెప్పుకుంటారు. మరీ ఇటీవల, 2013లో, సురభి బాబ్జీగా పేరుపొందిన రేకందార్ నాగేశ్వరరావుకు పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలకూ ఆ గౌరవం దక్కకపోలేదు. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇంత చరిత్రకూ మొదలేమిటి? ఒక పెళ్ళింట ఎవరో ఒక మాట అడగడం! ఆ రోజు అడిగిన పెద్దమనిషి, "బొమ్మలాట చాల్లే, సంభావన తీసుకుని వెళ్ళండి" అని ఉంటే?

అడగడమంటే గుర్తొచ్చింది. హాస్యనటుడు పద్మనాభం మా పులివెందుల తాలూకా సింహాద్రిపురంలో 1931లో పుట్టాడు. పెద్దవాడై, నటుడై, సినిమాలు తీసే స్థాయికి వచ్చాక తన చిత్రంలో పాడమని కొత్త కుర్రాడొకణ్ణి పిలిచాడు. 1967లో విడుదలైన ఆ చిత్రం 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'. సంగీతం కోదండపాణి, కొత్త కుర్రాడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. ఇంక ఆ గొంతు గురించి మీకు నేను చెప్పాలా?

అడిగి రాసుకున్నవాళ్ళ కథ మరొకటి. బ్రౌను దొర 1820లో కడపకు వచ్చాడు. బంగళా కొని, సొంత జీతాలిచ్చి పండితుల్ని పెట్టుకుని, తాటాకుల్లో ఉన్నదాన్ని పోగుచేయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. 1874లో బాయిల్ అనే మరో దొర 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో తెలుగు వీరగాథల మీద వ్యాసం రాస్తే, దాంతో సర్వాయి పాపడి పాట అచ్చుకెక్కింది. మా జమ్మలమడుగుకు ఉత్తరాన ఉన్న కోవెలకుంట్లలో 1847లో కుంఫిణీవాళ్ళు ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని మాత్రం చాలాకాలం పుస్తకాలు కాదు, ఊరూరా తిరిగే పాటగాళ్ళే బతికించారు. మన కాలంలో మునెయ్యగారు పల్లెలు తిరిగి పాటలు సేకరించారు. ఆయన 'రాయలసీమ రాగాలు' చూస్తే, మన ఇళ్ళలో మన పెద్దవాళ్ళు పాడుకున్నవే ఎన్నో కనిపిస్తాయి.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం వచ్చాక అతిథులు రేడియోలోకి కూడా వచ్చారు. అవ్వ రేడియో పక్కన కూర్చుని చెనిక్కాయలు ఒలుచుకుంటూ జానపద గీతాలు వినేది. ఒకరోజు విసుర్రాయి పాట ఒకటి వస్తోంది. అవ్వ చేతులు ఆగిపోయాయి. పాటంతా విని, "ఈ పాట నాకూ వస్తాది. ఈళ్ళు కడాన రెండు చరణాలు ఇడ్సిపెట్నారు" అంది.

నేనప్పుడు బి.ఏ. రెండో సంవత్సరం. ముందు పరీక్ష పుస్తకం తెరిచి ఉంది. అందులో జానపద సాహిత్య లక్షణాలు అన్న ప్రశ్నకు జవాబు బట్టీ పడుతున్నాను! "అవునా అవ్వా" అని మళ్ళీ తల దించుకున్నాను. ఆమె ఒక నిమిషం నా వంక చూసింది. తర్వాత చెనిక్కాయలు ఒలుచుకోసాగింది.

ఆ రెండు చరణాలు ఏమిటో నేను అడగలేదు. ఆ ఏడే అవ్వ పోయింది. ఎందరో అతిథుల్ని "ఇంకొక్కటి పాడు" అని అడిగిన మనిషిని, "నువ్వొక్కటి పాడవ్వా" అని అడిగినవాళ్ళు మా ఇంట్లో ఒక్కరూ లేరు. ఆమె కబురు మోసుకుని తెర వెనక్కు పరుగెత్తిన నేను కూడా అడగలేదు. పరీక్షలో నాకు మంచి మార్కులే వచ్చాయి.

ఆ ఇంగ్లండు క్లబ్బులో నాకు నచ్చింది అతిథుల కాగితం కాదు. అతిథికి ముందు, వినేవాళ్ళకూ ఒక వంతు ఉండటం. మన ఏడాదిలో అన్నీ ఉన్నాయి, ఆ వంతు ఒక్కటే లేదు. ఉన్నా అది తిరగలి దగ్గర, ఉయ్యాల దగ్గర, ఇంటి లోపలే ఉండిపోయింది.

పిన్ని కూతురు ఫోన్ చేసిన నాలుగో రోజున మా వీధిలోకి హరిదాసు వచ్చాడు. ఇప్పుడు మోటారు సైకిలు మీద వస్తున్నారు. ముందు పెట్టిన మైకులోంచి రికార్డు చేసిన పాట మోగుతోంది. అందరూ పదో ఇరవయ్యో ఇచ్చి తలుపు వేసుకుంటున్నారు. నేను చాటలో బియ్యం పోసుకుని గడపలో నిలబడ్డాను.

"ఆ మైకు కాసేపు ఆపి ఒక్కటి మీరు పాడండి సామీ."

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "గొంతు పోయిందమ్మా" అన్నాడు మొదట. తర్వాత బండి ఆపి, చిడతలు తీసి, మొదలుపెట్టాడు. రెండు చరణాలు బాగానే సాగాయి. మూడో చరణం దగ్గర ఆగిపోయాడు. గుర్తు రాలేదు. చిడతలు మోగుతున్నాయి, పాట లేదు.

ఎదురింటి అరుగుమీద ఎండకు కూర్చున్న పెద్దామె, ఎనభై దాటిన మనిషి, ఆ చరణం అందించింది. మెల్లగా, కళ్ళు మూసుకుని, చివరిదాకా పాడేసింది. హరిదాసు ఆమె వెనకే అందుకున్నాడు. నలుగురు తలుపులు తీసి బయటికి వచ్చారు.

ఆయన పాత్రలో బియ్యం పోసి పంపించి, లోపలికి వెళ్ళి నోటుపుస్తకం, పెన్సిలు తెచ్చుకున్నాను. ఎదురింటి అరుగెక్కి ఆమె పక్కన కూర్చున్నాను.

"పెద్దమ్మా, ఇంకొక్కటి పాడండి" అన్నాను.